ఆదివారం బాత్‌రూమ్ తలుపు ఎందుకు కొట్టకూడదంటే

అమ్ములుకీ, చిన్నిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, మొన్న నువ్వడిగిన దానికి ఫోన్‌లో రెండు ముక్కల్లో చెబితే సరిపోదనిపించి కాగితం తీసుకున్నాను. "తాతయ్యా, నేను షవర్ కింద ఐదు నిమిషాల్లో స్నానం చేసేస్తాను. అమ్మేమో ఆదివారం గంట దాకా బయటికి రాదు, తలుపు కొట్టొద్దంటుంది. అంతసేపు లోపల ఏం చేస్తుంది?" అన్నావు. వెనకాల నుంచి మీ తమ్ముడు "నిద్రపోతుందేమో" అన్నాడు. నిద్రపోవడం లేదురా నాన్నా, మీ అమ్మ తలంటు పోసుకుంటోంది. రోజూ చేసేది ఒంటికి చేసే స్నానం, వారానికోసారి చేసే ఈ స్నానం వేరు. దీనికి గంట పడుతుంది. పట్టాలి కూడా.

ముందు నూనె సంగతి చెబుతాను. తలకి, ఒంటికి నూనె రాసుకుని కాసేపు అలా ఉండాలి. ఆ తర్వాత ఆ నూనెని వదిలించుకోవాలి, అక్కడుంది అసలు పని. నూనెకీ నీళ్లకీ పడదు కదా, మీ అమ్మ కడిగే బాణలి చూసినా తెలుస్తుంది, ఎన్ని నీళ్లు పోసినా జిడ్డు జిడ్డుగానే ఉంటుంది. ఒక ఊళ్లో రెండిళ్ల వాళ్లకి మాటల్లేవనుకోండి. పిలుపుల్లేవు, రాకపోకల్లేవు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. అప్పుడు ఎవరు కావాలి? ఇటు ఇంటికి మేనమామా అటు ఇంటికి వియ్యంకుడూ అయిన పెద్దమనిషి ఒకాయన కావాలి. కుంకుడుకాయ రసంలో ఉండే సపోనిన్ అనే పదార్థం సరిగ్గా అలాంటి పెద్దమనిషి. దాని అణువుకి ఒక కొస నూనెతో కలుస్తుంది, రెండో కొస నీళ్లతో కలుస్తుంది. ఒక చేత్తో నూనెని, ఇంకో చేత్తో నీళ్లని పట్టుకుంటుందన్నమాట.

అయితే ఇంత గొడవకి ఒక్క పెద్దమనిషి చాలడు. తలలో లక్ష దాకా వెంట్రుకలుంటాయి, వాటన్నిటినీ నూనె పట్టుకుని కూర్చుంది. పెద్దమనుషులు గుంపుగా వచ్చి, చిన్న చిన్న నూనె బొట్లని చుట్టూ నిలబడి పట్టుకుని, తమ రెండో చెయ్యి నీళ్ల వైపు చాపి ఉంచాలి. అప్పుడు చెంబుతో నీళ్లు పోస్తే నూనెవాళ్లంతా మర్యాదగా లేచి నీళ్లతో బయల్దేరి వెళ్లిపోతారు. వేడినీళ్లెందుకంటారా, వేడికి నూనె పల్చబడుతుంది, అంటే మంకుపట్టు కాస్త సడలుతుంది. ఇంకో చిత్రం చూడండి. మొదటిసారి రసం పోసి రుద్దినప్పుడు నురగ సరిగ్గా రాదు, రెండోసారికి బుసబుసా పొంగుతుంది. ఎందుకంటే మొదటిసారి పెద్దమనుషులందరికీ నూనెతోనే చేతినిండా పని, రెండోసారికి పని లేనివాళ్లు మిగులుతారు, వాళ్లు గాలిబుడగల చుట్టూ చేరి కబుర్లాడతారు. ఆ కబుర్లే నురగ. మీరు రాసుకునే షాంపూలో పెద్దమనుషులు ఫ్యాక్టరీలో తయారైనవాళ్లు, వాళ్లు చేసేదీ ఇదే పని. కానీ రాసీ రాయగానే కడిగేసుకుంటే ఎలా? రాజీ చెయ్యడానికొచ్చిన మనిషి ఇంకా అరుగు మీద కూర్చోనైనా లేదు, కాఫీ తాగనైనా లేదు, అప్పుడే సాగనంపేస్తే తగువు ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకని తీరిగ్గా, కుదుళ్లు తగిలేలా వేళ్లతో రుద్దాలి.

సున్నిపిండిది వేరే దారి. అది రాయబారాలు నడపదు, పొడి పిండి కాబట్టి ఒంటి మీది నూనెని తనలోకి పీల్చేసుకుంటుంది. పెసరపిండిలో కాస్త పసుపు, కచ్చూరాలు, బావంచాలు, ఎండబెట్టిన కమలాపండు తొక్కలు కొట్టి కలిపేవాళ్లు మా ఇంట్లో. తడిపి రుద్దుతుంటే ముంజేతి మీద నుంచి సన్నటి నల్లటి మురికి వత్తులు వత్తులుగా రాలుతుంది. దాన్ని మేం మట్టి అనేవాళ్లం గానీ అందులో మన చర్మం కూడా ఉంటుంది. మన చర్మం పైపొర మొత్తం చనిపోయిన కణాలే. అడుగున కొత్త కణం పుట్టి, పైకి జరుగుతూ జరుగుతూ వచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. పోయిన నెల మీరు ఆడుకున్న చేతుల మీది చర్మం ఈ ఆదివారం తూములోకి పోతుందన్నమాట, మీరేమో అదే చెయ్యి అనుకుంటారు. ఒకటి గుర్తుంచుకోండి, గట్టిగా తోమితే మంచిదనుకోవద్దు, చర్మం ఎర్రబడేలా తోమకూడదు.

మా చిన్నప్పుడు తెనాలి దగ్గర పల్లెటూళ్లో మా మగపిల్లలకి శనివారం తలంటు. పెరట్లో నీళ్ల పొయ్యి మీద రాగి కాగు, కింద కొబ్బరి మట్టలూ తాటాకులూ. కాగు బయట నల్లగా మసి, లోపల ఎర్రగా మెరుస్తూ ఉండేది. తెల్లారగానే మా నాయనమ్మ కుంకుడుకాయలు రోటి పక్కన పెట్టుకుని రాయితో టక్కుటక్కుమని కొట్టేది. గింజలు మాకు, తొక్కలు వేణ్ణీళ్లలోకి. ఆ గింజలు నల్లగా నున్నగా ఎంత బావుండేవో, జేబుల్లో పోసుకుని తిరిగేవాళ్లం. మా ఊళ్లో కుంకుడు చెట్టు లేదు, కాయలు సంతలో కొనేవాళ్లు. విశాఖ మన్యంలో గిరిజనులు ఏరుకొచ్చే కాయల్ని గిరిజన సహకార సంస్థ కొని అమ్ముతుంది, 1956లో పెట్టిన సంస్థ అది. ఈసారి అమ్మతో కొట్టుకి వెళ్తే కాయలు చేతిలోకి తీసుకుని చూడండి. బంకబంకగా, బెల్లంలా మెరుస్తూ ఉంటాయి.

నానిన తొక్కల్ని నాయనమ్మ పిసికి పిసికి రసం తీసి, పాత పంచె ముక్కలో వడకట్టేది. పీట మీద కూర్చోబెట్టి "కళ్లు మూసుకోరా" అనేది. కుంకుడు రసం కంట్లో పడితే ఆ మంట చెప్పలేను, కేకలు పెట్టేవాళ్లం. అందుకని ముందే మా నోట్లో ఉప్పుకల్లు ఒకటి వేసేది, ఉప్పు నోట్లో ఉంటే కళ్లు మండవని. ఆ ఉప్పు మంట తగ్గించేదో లేక దాన్ని చప్పరించే ధ్యాసలో మంట మర్చిపోయేవాళ్లమో, ఇవాళ్టికీ కుంకుడు వాసన వస్తే నా నాలిక మీద ఉప్పు తగులుతుంది. చివరి చెంబు మాత్రం నెమ్మదిగా తల చుట్టూ తిప్పి పోస్తూ "శ్రీరామరక్ష, నూరేళ్లు వర్ధిల్లు" అనేది. తర్వాత తువ్వాలుతో తల తుడిచి, నిప్పుల మీద సాంబ్రాణి వేసేది. మా అక్కల జుట్టు ఆరడానికి ఆ పొగ మీద గంప బోర్లించి, దాని మీద జడలు పరిచేవాళ్లు. పప్పన్నం తిన్నాక నిద్ర ముంచుకొచ్చేది చూడండీ, అలాంటి నిద్ర మళ్లీ ఎప్పుడూ పోలేదు. వేణ్ణీళ్లకి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపలి వేడి చర్మం మీదుగా బయటికి పోతుంది, స్నానం తర్వాత ఒళ్లు లోపల చల్లబడుతుంది. అలా చల్లబడటమే పడుకోమని ఒంటికి సైగ.

ఇంతమందికి పోసిన నాయనమ్మ తనెప్పుడు పోసుకునేదో తెలుసా? అందరిదీ అయ్యాక, కాగు అడుగున మిగిలిన గోరువెచ్చటి నీళ్లతో, పొయ్యి మీద పప్పు పొంగుతుందేమోనని ఒక చెవి వంటింటి వైపు పెట్టి, గబగబా నాలుగు చెంబులు. ఆవిడ తల ఎవరూ రుద్దలేదు. ఆవిడ చుట్టూ చెంబు ఎవరూ తిప్పలేదు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఇంతే.

అందుకే మీ అమ్మ ఆదివారం తలుపు గడియ వేసుకుని గంటసేపు స్నానం చేస్తుందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. నా కూతురికి వారమంతా ఆఫీసు, మీ బాక్సులు, మీ హోంవర్కులు, ఆ టెన్షన్. ఆ గంట ఆవిడది. ఎవరో ఇస్తే వచ్చిన గంట కాదు, ఆవిడే తీసి పెట్టుకుంది. దాన్ని మీరు కాపలా కాయాలి. కాలింగ్ బెల్ మోగితే మీరు వెళ్లండి, ఫోన్ మోగితే "అమ్మ తర్వాత చేస్తుంది" అనండి, రిమోట్ కోసం కొట్టుకోవడం ఆ గంట వాయిదా వేసుకోండి. మీ నాన్న కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలవండి.

గంట స్నానమంటే గంటసేపు షవర్ తిప్పి ఉంచడమని మాత్రం అనుకోకండి. మామూలు షవర్‌లోంచి నిమిషానికి 8, 10 లీటర్ల నీళ్లు పోతాయి, పది నిమిషాలు వదిలేస్తే నాలుగైదు బకెట్లు. తలంటుకి కావలసింది టైమే గానీ నీళ్లు కాదు. రెండు బకెట్లు, ఒక మగ్గు ఉంటే దివ్యంగా సరిపోతుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఇది అమ్మకీ నాన్నకీ చదివి వినిపించండి. మీ ఇంట్లో ఉన్నది గ్యాస్ గీజర్. గాలాడని బాత్‌రూమ్‌లో అది వెలుగుతుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషి తెలియకుండా పడిపోతాడు. గీజర్‌ని బాత్‌రూమ్ బయట పెట్టించడం మంచిది, ఆ పని అయ్యేదాకా నీళ్లు ముందే పట్టుకుని, గీజర్ ఆపేసి, కిటికీ తెరిచే స్నానం చెయ్యాలి. సాంబ్రాణి నిప్పులు కూడా మూసిన గదిలో పెట్టొద్దు, బాల్కనీలో పెట్టుకోండి.

చిన్నిగా, నువ్వు ఈతకి వెళ్లొచ్చాక వేళ్లు ముసలాళ్ల వేళ్లలా అయిపోయాయని చూపించావు గుర్తుందా? నీళ్లు పీల్చుకుని ఉబ్బడం వల్లే అలా అవుతుందని చాలామంది అనుకుంటారు. కానీ నరం దెబ్బతిన్న వేళ్లకి ఎంతసేపు నీళ్లలో ఉంచినా ముడతలు రావని డాక్టర్లు 1930ల్లోనే గమనించారు. అంటే ఆ ముడతలు వేసేది మన నరాలే, మనకి చెప్పకుండా, మనల్ని అడక్కుండా. వేళ్లలోని రక్తనాళాలు సన్నబడి చర్మాన్ని లోపలికి లాగుతాయి. తడి వస్తువు జారకుండా పట్టుకోవడానికే ఈ ఏర్పాటని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. ఐదు నిమిషాల షవర్‌లో ఇది సరిగ్గా కనపడదు. ఎన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇది ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎందుకు, ఎలా అని ఇంతకన్నా నన్నడక్కండి, మీ వేళ్లు మీరే చూసుకోండి.

ఈ ఆదివారం అమ్మ లోపలికి వెళ్లాక మీరిద్దరూ ఒక పని చెయ్యండి. రెండు మూత ఉన్న గాజు సీసాలు తీసుకుని రెండిట్లోనూ సగానికి గోరువెచ్చటి నీళ్లు, ఒక్కో చెంచా నువ్వుల నూనె పొయ్యండి. ఒకదాంట్లో రెండు చెంచాల కుంకుడు రసం కలపండి. మూతలు బిగించి, ఇరవై అంకెలు లెక్కపెడుతూ గట్టిగా ఊపి, కిటికీలో పెట్టి కదపకుండా చూడండి. ఏ సీసాలో నూనె ముందుగా పైకి తేలిందో, రెండోదాంట్లో నీళ్ల రంగు ఎలా మారిందో నాకు రాసి పంపండి. రసం పిండిన చేతులు కడుక్కోకుండా కళ్లు నులుముకోవద్దు.

ఇట్లు,
మీ తాతయ్య