జింక్ ఆక్సైడ్‌లో కరెంటు ఎక్కడిది?

ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లకి ఈ ముక్క నోటికి వచ్చే ఉంటుంది: తెల్లటి జింక్ ఆక్సైడ్‌ని వేడి చేస్తే ఆక్సిజన్ పోయి పసుపు రంగుకి తిరుగుతుంది, మిగిలిన జింక్ అయాన్లు స్ఫటికంలో సందుల్లోకి దూరతాయి, అవి వదిలిన ఎలక్ట్రాన్ల వల్ల కరెంటు పారుతుంది. నేనూ బట్టీ పట్టి రాసినవాడినే. పోయిన వారం బెంగళూరులో మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు క్రూసిబుల్‌ని పట్టకారుతో ఫర్నేస్‌లోంచి తీశాడు. నిమ్మపండు రంగులో ఉన్న పొడి చూస్తుండగానే సున్నంలా తెల్లబడిపోయింది. "అన్నా, పోయిన ఆక్సిజన్ అప్పుడే వెనక్కి వచ్చేసిందా?" అన్నాడు.

నిజానికి ఆ పసుపుకి లోపాలే, అంటే స్ఫటికంలో ఇలా చోటు తప్పిన అయాన్లు, ఖాళీలే కారణం కానక్కర్లేదు. వేడికి బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ విడివడి తిరగాలంటే దాటాల్సిన శక్తి అంతరం) తగ్గి పొడి కొంచెం నీలి వెలుగు పీల్చుకున్నా పసుపుగానే కనిపిస్తుంది, చల్లారితే పోతుంది. కరెంటు సంగతి వేరు, అది దాదాపు తొంభై ఏళ్ల పంచాయితీ.

స్ఫటికంలో పరమాణువు తన చోటు వదిలి సందులో ఇరుక్కోవచ్చని భౌతిక శాస్త్రవేత్త ఫ్రెంకెల్ 1926లోనే చెప్పాడు. వేడి ఉన్న ఏ స్ఫటికంలోనైనా లోపాలు ఉండి తీరతాయని 1930లో వాగ్నర్, షాట్కీ లెక్క కట్టారు. 1933లో బౌంబాఖ్, వాగ్నర్ జింక్ ఆక్సైడ్‌ని వేడి చేసి, చుట్టూ ఆక్సిజన్ పెంచుతూ కొలిస్తే వాహకత (కరెంటుని పారనిచ్చే గుణం) తగ్గుతూ వచ్చింది. నికెల్ ఆక్సైడ్‌లో సరిగ్గా దీనికి ఎదురు, ఆక్సిజన్ పెంచితే పెరుగుతుంది.

అసలు చిక్కంతా ఆక్సిజన్ పెంచితే వాహకత ఎంత తగ్గాలన్న లెక్కలోనే ఉంది. ఒక్కో లోపం రెండు ఎలక్ట్రాన్లు వదిలితే ఆక్సిజన్ పీడనం 64 రెట్లు పెరిగినప్పుడు వాహకత సగానికి పడాలి, ఒక్కటే వదిలితే 16 రెట్లకే సగం. బాగానే ఉంది కదా! కానీ ఆ లోపం సందులో ఇరుక్కున్న జింకైనా, ఆక్సిజన్ వదిలేసి పోయిన ఖాళీ అయినా జవాబు ఒకటే వస్తుంది, అంటే ఎంత జాగ్రత్తగా కొలిచినా దొంగ ఎవరో ఈ కొలత ఒక్కటే పట్టివ్వలేదు. 1956లో క్రోగర్, వింక్ లోపాలకి చక్కటి గుర్తులు పెట్టి సమీకరణాలు రాయడం తేలిక చేశారు గానీ ఈ ముడి మాత్రం విడలేదు.

తమాషా ఏంటంటే మూడో అనుమానితుడు అప్పటికే దొరికాడు. హైడ్రోజన్‌లో వేడి చేస్తే జింక్ ఆక్సైడ్ వాహకత పెరుగుతుందని 1954లో మోల్వో, 1956లో థామస్, లాండర్ చూపించారు. అయినా పాఠ్యపుస్తకాల్లో జింకే నిలిచింది. 1999లో కూడా లుక్ అనే శాస్త్రవేత్త బృందం జింక్‌నే వెనకేసుకొచ్చింది. మరుసటి ఏడాదే వాన్ డి వాలె, ఈ స్ఫటికంలో హైడ్రోజన్ ఎప్పుడూ ఎలక్ట్రాన్ ఇచ్చేదిగానే ఉంటుందని కంప్యూటర్ లెక్కలతో చూపించాడు. ఆక్సిజన్ ఖాళీ ఎలక్ట్రాన్లని లోతుగా పట్టుకుని ఉంటుంది, మామూలు వేడికి వదలదు అని ఆ తర్వాతి లెక్కలు తేల్చాయి. నా ఓటు హైడ్రోజన్‌కే, అల్యూమినియం లాంటి మలినాలు కూడా కొంత పాపం మూటగట్టుకుంటాయి గానీ.

ఇదంతా యశవంతపురలో ఆంధ్రా మెస్‌లో పప్పన్నం కలుపుకుంటూ చెబితే, కుర్రాడు మర్నాడే ఒక జింక్ ఆక్సైడ్ బిళ్లని ఆర్గాన్, హైడ్రోజన్ కలిపిన గ్యాస్‌లో వేడి చేశాడు. మెగా ఓముల్లో ఉన్న నిరోధం కిలో ఓముల్లోకి పడింది. "చూశావా అన్నా, హైడ్రోజనే!" అని గంతులేశాడు. కానీ హైడ్రోజన్ లోపలికి దూరడమే కాదు, ఆక్సిజన్‌ని నీరుగా మార్చి లాక్కుపోతుంది కూడా. ఆ బిళ్లలో రెండూ జరిగి ఉంటాయి.