మీటరు వెడల్పు పట్టాల మీద మారుతూ వచ్చిన బండ్లు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్ళకూ అనేక ఆశీస్సులు.

స్విట్జర్లాండులో మీ పిన్ని ఇంట్లో ఉన్న నెల రోజుల్లో నేను పంపిన రైలు ఫొటోలు చూసి మీరందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "తాతయ్యా, పట్టాలు అంత ఇరుకుగా ఉన్నాయేం? వాటి మీద అంత పెద్ద రైలు ఎలా నడుస్తుంది?" ఆ రోజు ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను గాని నాకు తృప్తి కలగలేదు. నా ఉద్యోగంలో సగం కాలం మీటర్ గేజి ఇంజన్ల కింద దూరి పనిచేసిన వాణ్ణి. ఆ ఇరుకు పట్టాలను అక్కడ మళ్ళీ చూసినప్పుడు నాకు చిన్ననాటి స్నేహితుడు ఎదురుపడినట్టు అనిపించింది. అందుకే తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండు పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. ఒకప్పుడు గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే దారిలో అది సరిగ్గా ఒక మీటరు. స్విట్జర్లాండులో గ్రావుబుండెన్ అనే కొండ రాష్ట్రమంతటా తిరిగే రేటియన్ రైల్వేకు కూడా సరిగ్గా ఒక మీటరే. 1992 తరువాత మన దేశం గేజిలన్నింటినీ ఒక్కటి చేయాలని నిర్ణయించుకుని పాత పట్టాలు తీసి 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి వేసింది. మన నేల చాలా చోట్ల చదునైనది కాబట్టి అది సాధ్యమైంది. అక్కడ అలా కుదరదు. ఆల్బులా లోయలోని లాండ్‌వాసర్ వంతెన లోయ అడుగు నుంచి 65 మీటర్ల ఎత్తున నిలబడి, వంపు తిరుగుతూ నేరుగా కొండగోడలోని సొరంగంలోకి దూరుతుంది. ఆ వంపు ఎంత బిగువైనదంటే, దాన్నే కొనసాగించి పూర్తి వలయం గీస్తే మధ్య నుంచి అంచుకు దూరం 100 మీటర్లే ఉంటుంది. పెద్ద గేజి బండి అంత బిగువుగా తిరగలేదు. అది తిరగాలంటే కొండలను మళ్ళీ తొలచాలి, వంతెనలను మళ్ళీ కట్టాలి. అందుచేత వాళ్ళు పట్టాలను అలాగే ఉంచి, వాటి మీద నడిచే బండ్లను తరానికొకసారి మార్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ మార్పుల కథే.

ఆ రైల్వే 1889లో లాండ్‌క్వార్ట్ అనే ఊరి నుంచి ఆవిరి ఇంజన్లతో మొదలైంది, మరుసటి ఏడు దావోస్ చేరింది, 1904 నాటికి సెయింట్ మోరిట్జ్ వరకు వెళ్ళింది. ఆ ఇంజన్లకు కావలసిన బొగ్గు స్విట్జర్లాండులో దొరకదు, అంతా బయటి నుంచే రావాలి. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి బొగ్గు రాక తగ్గిపోయి, వచ్చినదాని ధర అందకుండా పోయేసరికి, కొండల మీద నుంచి దూకే నీళ్ళతో పుట్టే కరెంటే దిక్కని వాళ్ళకు తేటతెల్లమైంది. యుద్ధానికి ముందే, 1913లో, ఎంగడీన్ లోయలో తెరిచిన లైను మొదటి రోజు నుంచే కరెంటుతో నడిచింది. యుద్ధం ముగిశాక, 1922 నాటికి, మిగిలిన ముఖ్యమైన లైన్లన్నింటి మీదా తీగలు వేశారు. అక్కరలేకపోయిన ఆవిరి ఇంజన్లలో కొన్ని సయాంకూ (ఇప్పటి థాయిలాండు), కొన్ని బ్రెజిలుకూ అమ్ముడుపోయాయి. అక్కడ కూడా మీటర్ గేజే ఉండడం వల్ల ఆ ఇంజన్లకు రెండో బ్రతుకు దొరికింది.

ఆ తొలి కరెంటు ఇంజన్లలో నా మనసు దోచుకున్నది ఒకటుంది. దాని అసలు పేరు జీఈ 6/6, జనం పెట్టిన ముద్దుపేరు మొసలి. ఈ అంకెలు చదవడం నేర్చుకోండి, సరదాగా ఉంటుంది: కింది అంకె మొత్తం ఇరుసుల సంఖ్య, పై అంకె వాటిలో శక్తి అందే ఇరుసుల సంఖ్య. అంటే ఈ మొసలికి ఆరు ఇరుసులుంటే ఆరూ బండిని లాగుతాయి. 1921 నుంచి 1929 వరకు ఇలాంటివి 15 తయారు చేశారు. బెర్గ్యూన్ స్టేషను పక్కన వాటిలో 407వ నంబరుది నిలబెట్టి ఉంది. నేను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని కింద కూడా చూశాను. మధ్యలో డ్రైవరు గది, ముందూ వెనుకా పొడుగాటి ముక్కుల్లాంటి రెండు భాగాలు. ఒక్కొక్క ముక్కులో ఒక్కొక్క పెద్ద మోటారు. ఆ కాలంలో మోటార్లు చిన్నవిగా చేయడం తెలియదు కాబట్టి చక్రాల మధ్య వాటిని అమర్చే వీలు లేకపోయింది. మోటారు తిప్పిన పళ్ళచక్రం ఒక అడ్డ ఇరుసును తిప్పుతుంది, ఆ ఇరుసు చివర ఉన్న లావుపాటి సైడ్ రాడ్లు మూడు జతల చక్రాలనూ కలిపి తిప్పుతాయి. సైడ్ రాడ్లు మనకు ఆవిరి ఇంజను మీద కనిపించేవే. కరెంటు ఇంజను మీద అవి కనబడేసరికి, ఆవిరి కాలం వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ తన చెయ్యి ఒకటి దాని భుజం మీద వేసి ఉంచినట్టు నాకు తోచింది. రాడ్ల చివర నూనె పోసే చిన్న గిన్నెలు కూడా ఉన్నాయి. అలాంటి గిన్నెల్లో నూనె పోయడమే నా మొదటి ఉద్యోగం.

మొసలి బరువు 66 టన్నులు, దాని వేగం గంటకు 55 కిలోమీటర్లు మించదు. 1947లో జీఈ 4/4 వచ్చింది. దాని బరువు 48 టన్నులే, అయినా మొసలి కంటే బలమైనది. ఇదెలా సాధ్యమని మీరు అడగాలి. అప్పటికి మోటార్లు చిన్నవైపోయాయి, నాలుగు ఇరుసులకూ వేరువేరుగా నాలుగు మోటార్లను కిందనే అమర్చగలిగారు. దాంతో సైడ్ రాడ్ల అవసరం తీరిపోయింది, వాటితో పాటు వాటి బరువు, వాటి ఊపు, వాటికి పోయవలసిన నూనె కూడా పోయాయి. నన్నడిగితే, ఈ కథ మొత్తంలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే. చూడ్డానికి మొసలే అందమైనది గాని, పట్టాలకు మేలు చేసింది రెండోది. ఇరుకు పట్టాల మీదా సన్నటి వంతెనల మీదా ప్రతి టన్నూ లెక్కలోకి వస్తుంది కదా.

తరువాతి తరాలను క్లుప్తంగా చెబుతాను. 1973 నుంచి వచ్చిన ఇంజన్లలో కరెంటును మీటల చప్పుడు లేకుండా మెత్తగా పెంచి తగ్గించే థైరిస్టర్లు వచ్చాయి. 1993 నుంచి వచ్చిన మూడో రకం జీఈ 4/4లో మోటారు స్వభావమే మారింది. పాత మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించడానికి బొగ్గు బ్రష్షులు ఉండేవి. అవి అరుగుతూ ఉండేవి, నిప్పురవ్వలు చిమ్మేవి, మాటిమాటికీ మార్చవలసి వచ్చేది. వాటి బదులు వచ్చిన త్రీ ఫేజ్ మోటారుకు, అంటే మూడు దశల కరెంటుతో తిరిగేదానికి, బ్రష్షులే లేవు. ఆ 12 ఇంజన్లు ఒక్కొక్కటి 3000 కిలోవాట్లకు పైగా శక్తితో, మీటరు వెడల్పు పట్టాల మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నడవగలిగాయి. ఇక్కడ మన ఊరితో ఒక చుట్టరికం ఉంది. అదే 1990లలో భారతీయ రైల్వే త్రీ ఫేజ్ ఇంజన్ల పరిజ్ఞానాన్ని ఏబీబీ అనే స్విస్-స్వీడిష్ సంస్థ నుంచి తెచ్చుకుంది. సికింద్రాబాదులో మీరు ఎక్కే రైళ్ళకు ముందు 'లాలాగూడ' అని రాసి ఉన్న డబ్ల్యూఏపీ-7 ఇంజను కనబడుతుంది చూడండి, అది ఆ పరిజ్ఞానం నుంచి పెరిగినదే. గేజి వేరు, కొండలు వేరు, కాని మోటారు వంశం మాత్రం ఆ కాలపు స్విస్ ఇంజన్లకు దగ్గరిదే.

ఇక ఇంజను, పెట్టెలు అనే విభజన చెరిగిపోయిన సంగతికి వస్తాను. బెర్నీనా లైను గురించి ముందు చెప్పాలి. 1910లో పూర్తయిన ఆ దారి, ఇంజను పళ్ళచక్రంతో పట్టుకుని ఎక్కడానికి నడుమ వేసే పళ్ళ పట్టా సాయం లేకుండానే, నూరు మీటర్లు ముందుకు సాగేసరికి ఏడు మీటర్లు పైకెక్కుతూ, 2253 మీటర్ల ఎత్తును చేరుకుంటుంది. ఆ లైనులో 1000 వోల్టుల డైరెక్ట్ కరెంటు, మిగిలిన రేటియన్ లైన్లలో 11,000 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు. ఇంజన్లు ఒకదాని మీద నడిస్తే రెండోదాని మీద నడవవు కాబట్టి, రెండూ కలిసే పోంట్రెసీనా స్టేషనులో ఇంజను మార్చవలసి వచ్చేది. 2010 ప్రాంతంలో వచ్చిన అల్లేగ్రా బండ్లు ఈ చిక్కు తీర్చాయి. అల్లేగ్రా అంటే అక్కడి రోమాన్ష్ భాషలో నమస్కారం వంటి పలకరింపు. అవి మూడు పెట్టెల జట్టు, ఇంజను వేరుగా ఉండదు, మోటార్లు పెట్టెల కిందే ఉంటాయి, రెండు రకాల కరెంటుతోనూ నడుస్తాయి. శక్తి ఎక్కువ చక్రాలకు పంచి ఇవ్వడం వల్ల మంచు పడి తడిసిన పట్టాల మీద కూడా చక్రం జారిపోకుండా పట్టుకుంటుంది. దిగేటప్పుడు ఆ మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును తిరిగి తీగలోకి పంపుతాయి.

ఆ తరువాత వచ్చినవి కాప్రికార్న్ బండ్లు. కాప్రికార్న్ అంటే కొండమేక, ఆ రాష్ట్ర పతాకం మీద ఉండే జంతువు. నాలుగు పెట్టెల జట్లు మొత్తం 56 కొన్నారు. ఒక్కసారిగా ఇన్ని ఎందుకని మీ పిన్ని అడిగితే, నాకు అర్థమైన కారణాలు రెండు చెప్పాను. పాత పెట్టెల్లోకి రెండు మూడు మెట్లు ఎక్కి వెళ్ళాలి. చక్రాల కుర్చీలో ఉన్న వాళ్ళూ, పసిపిల్లల బండి తోసుకు వచ్చే తల్లులూ, నా వంటి మోకాళ్ళ నొప్పుల వాళ్ళూ ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలిగేలా ప్రజా రవాణా ఉండాలని ఆ దేశంలో 2004లో అమలుకొచ్చిన చట్టం చెబుతోంది. దానికి పెట్టిన గడువు 2023 చివర. కొత్త బండి నేల ప్లాట్‌ఫారం ఎత్తుకే ఉంటుంది. రెండో కారణం కప్లింగు. నా కాలంలో రెండు పెట్టెలను తగిలించాలంటే ఒక మనిషి వాటి నడుమకు దూరాలి. ఆ పనిలో చెయ్యి నలిగిన తోటివాణ్ణి నా కళ్ళారా చూశాను, ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఈ బండ్లు మెల్లగా వచ్చి ముక్కూ ముక్కూ ఆనించగానే కొక్కెం, గాలి, కరెంటు అన్నీ ఒకేసారి వాటంతట అవే కలిసిపోతాయి. నడుమకు ఎవరూ దూరనక్కరలేదు.

ఆ బండ్లతోనే వాళ్ళు 2022 అక్టోబరు 29న ఒక సాహసం చేశారు. 25 కాప్రికార్న్ జట్లను ఒకదాని వెనుక ఒకటి తగిలించి, 100 పెట్టెలతో, దాదాపు 1.9 కిలోమీటర్ల పొడుగున్న రైలును ఆల్బులా లైనులో ప్రేడా నుంచి కిందికి దించారు. ప్రపంచంలో ప్రయాణికుల రైళ్ళన్నింటిలో పొడుగైనదిగా అది రికార్డుకెక్కింది. ఏడుగురు డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, ఒకే చెయ్యి నడుపుతున్నట్టు బ్రేకులు వేయవలసి వచ్చింది. కొండలోనే మెలికలు తిరిగే ఆ దారిలో రైలు ముందుభాగం ఒక వంతెన మీద ఉంటే తోక ఇంకా పైనున్న సొరంగంలో ఉండేది. మీటర్ గేజి అంటే చిన్నబండి అనుకునే వాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

వేరే కొండకు వెళదాం. ఫుర్కా కనుమ దాటే లైనులో పట్టాల మధ్య పళ్ళ పట్టా ఉంటుంది, ఇంజను కింద ఉన్న పళ్ళచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. 1913, 1914 సంవత్సరాల్లో వింటర్‌థూర్ నగరంలోని ఎస్‌ఎల్‌ఎం కర్మాగారం ఆ లైనుకు హెచ్‌జీ 3/4 అనే ఆవిరి ఇంజన్లు చేసింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లైనుకు కరెంటు వచ్చింది, 1947లో వాటిలో నాలుగింటిని వియత్నాంలో దలాత్ కొండ ఎక్కే లైనుకు అమ్మేశారు. అక్కడ కూడా మీటర్ గేజే, పళ్ళ పట్టా కూడా అదే తీరుది. తరువాత యుద్ధాల్లో ఆ లైను మూతపడి, ఇంజన్లు తుప్పు పట్టి తీగలు అల్లుకుని పడి ఉన్నాయి. ఇటు ఫుర్కా కింద 1982లో పొడుగాటి కొత్త సొరంగం తెరవడంతో పాత కొండదారి కూడా మూతపడింది. ఆ దారిని కాపాడుకోవాలని స్వచ్ఛందంగా కూడిన మనుషులు వియత్నాం వెళ్ళి, 1990లో ఆ ఇంజన్లను ఓడలో తిరిగి స్విట్జర్లాండుకు తెచ్చుకున్నారు. విడదీసి, తోమి, అరిగిన భాగాలు కొత్తగా చేసి అమర్చారు. ఒకటో నంబరుది, ఫుర్కాహార్న్ అనే పేరుతో, 1993 నుంచి మళ్ళీ ఆ కొండే ఎక్కుతోంది. 2010 నాటికి దారంతా తెరిచారు. ఒక యంత్రం కోసం మనుషులు సముద్రం దాటి వెళ్ళారంటే నాకు గొంతు పట్టేసింది, దాచుకోను.

చివరగా ఒక కొత్త వింత. మోంత్రో నుంచి స్వైసిమెన్ వరకు మీటర్ గేజి, అక్కడి నుంచి ఇంటర్‌లాకెన్ వరకు 1435 మిల్లీమీటర్ల పెద్ద గేజి. వంద సంవత్సరాలకు పైగా ప్రయాణికులు స్వైసిమెన్‌లో దిగి రైలు మారేవారు. 2022 డిసెంబరు 11 నుంచి గోల్డెన్ పాస్ ఎక్స్‌ప్రెస్ పెట్టెలే గేజి మార్చుకుంటున్నాయి. స్టేషను దగ్గర ఒక ప్రత్యేకమైన పట్టాల మీదుగా పెట్టెలు మెల్లగా కదులుతుంటే, వాటి కింద చట్రాల్లోని చక్రాలు పక్కలకు జరిగి కొత్త వెడల్పులో బిగుసుకుంటాయి. అంతేకాదు, రెండు రైల్వేల ప్లాట్‌ఫారాల ఎత్తులు వేరు కాబట్టి పెట్టె ఎత్తు కూడా దానికి తగ్గట్టు మారుతుంది. ఇంజను మాత్రం ఇప్పటికీ మార్చాలి. నేను కిటికీ పక్కన కూర్చుని, చక్రాలు జరిగే క్షణం కోసం చెవులు రిక్కించి విన్నాను. కాఫీ కప్పు కూడా కదలలేదు. మన గేజి మార్పిడి రోజుల్లో గుంతకల్లు స్టేషనులో ఒక బండిలో నుంచి ఇంకొక బండిలోకి బస్తాలు మోసిన కూలీలు నాకు ఆ నిమిషంలో గుర్తొచ్చారు.

వచ్చే ఏప్రిల్‌లో మీ సెలవులకు మిమ్మల్ని ఊటీ తీసుకువెళతాను, టిక్కెట్లు ముందే కొనమని మీ నాన్నలకు చెప్పాను. మేట్టుపాళయం నుంచి కూనూరు వరకు నీలగిరి కొండ ఎక్కే పాత ఎక్స్ క్లాసు ఇంజన్లు కూడా మీటర్ గేజివే, వాటి కింద కూడా పళ్ళచక్రమే, వాటిని చేసింది కూడా ఆ వింటర్‌థూర్ కర్మాగారమే. బండి ఆగినప్పుడు ఇంజను దగ్గరికి వెళ్ళి చూద్దాం, ఎవరికి ముందుగా ఆ ఊరి పేరు కనబడుతుందో. సైడ్ రాడ్లు ఎక్కడున్నాయో మాత్రం మీరే నాకు చూపించాలి.

ఇట్లు,
మీ తాతయ్య