పెచ్చులూడే గుట్ట, ఎండినా బతికున్న దొనలు

మా నాన్నది భువనగిరి దగ్గర పల్లె, ఆ ఏకశిల గుట్టని చూస్తూ పెరిగిన మనిషి, అందుకే ఆయన ఆస్టిన్ వచ్చినప్పుడు మాల్సూ అవీ పక్కన పెట్టి ముందు ఎన్‌చాంటెడ్ రాక్, అంటే మాయ బండ అనే గుట్టకే తీసుకెళ్ళాను. టెక్సస్ స్టేట్ పార్కుల శాఖ చూసుకునే చోటు అది, ఫ్రెడరిక్స్‌బర్గ్‌కి ఉత్తరాన 17 మైళ్ళు, మాకు కార్లో రెండు గంటల దారి. సెలవు రోజుల్లో జనం నిండిపోతే గేటు మూసేస్తారు కాబట్టి డే పాస్ ముందే బుక్ చేసుకుని పొద్దున్నే బయల్దేరాం. దూరం నుంచి ఆ గులాబీ రంగు బోడి బండ కనపడగానే నాన్న "ఇది మన గుట్టే గదరా" అన్నారు.

నిజంగానే రెండూ గ్రానైటే. మన హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది, ఇది వయసులో చిన్నది, అయినా వంద కోట్ల ఏళ్ళ పైమాటే. చుట్టూ ఉన్న నేల నుంచి 425 అడుగుల ఎత్తు లేచి ఉంటుంది, కానీ మనకి కనపడేది నెత్తి మాత్రమే, మిగతాదంతా ఇంకా భూమి లోపలే ఉంది. ఆ గులాబీ రంగు పొటాషియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానిది, దగ్గరగా చూస్తే దాని పక్కనే గాజు ముక్కల్లా క్వార్ట్జ్, నల్ల చుక్కల్లా అభ్రకం కనిపిస్తాయి. గింజలు అంత పెద్దగా ఉన్నాయంటే శిలాద్రవం బయటికి పొంగకుండా కొన్ని కిలోమీటర్ల లోతులో, పైన దుప్పటి కప్పినట్టు ఉండి, చాలా నిదానంగా చల్లారిందన్నమాట.

మరి ఇంత లోతులో ఉన్నది పైకెలా వచ్చింది? కొన్నిసార్లు నేల ఉబికింది, పైనున్న రాళ్ళన్నీ కోట్ల ఏళ్ళలో వానకీ గాలికీ అరిగి కొట్టుకుపోయాయి, అసలు కథ అక్కడే మొదలవుతుంది. మూటల కింద అణిగిపోయిన దూది పరుపు మూటలు తీసేస్తే మెల్లగా పైకి లేస్తుంది కదా, రాయి కూడా అంతే, లేచేది చాలా కొంచెమే గానీ రాయికి దూదిలా సాగే గుణం లేదు, అందుకని పైభాగానికి సమాంతరంగా పగులుతుంది. అలా పలకలు పలకలుగా విడిపోయి కిందికి జారిపోతూ ఉంటాయి, మూలలు పోయి గుండ్రటి గుమ్మటం మిగులుతుంది. గోడకి సున్నం పెచ్చులూడినట్టు ఈ గుట్ట ఇవ్వాళ్టికీ పెచ్చులూడుతూనే ఉంది.

సగం దూరం ఎక్కాక నాన్న ఒక చోట ఆగి మడమతో బండని రెండుసార్లు తొక్కారు. పక్కన తొక్కితే గట్టిగా, ఇక్కడ తొక్కితే ఖాళీ కుండలా చప్పుడు. "కింద డొల్లగుంది, పలక లేసింది" అని, మన వైపు రాయి కొట్టేటోళ్ళు బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టడం, పైపొర వేడికి ఉబ్బి కింది పొర నుంచి టప్పున విడిపోవడం, అప్పుడు గడ్డపారలతో పలక లేపడం, అంతా చెప్పారు. నేను చదివి తెలుసుకున్నది ఆయన చెవులతో పట్టేశారు. ఇక్కడ మంట పెట్టేది ఎండ, పగలు వేడికి సాగడం, రాత్రి ముడుచుకోవడం, రోజూ కాస్త కాస్తగా పగులు పెరగడం. చీకటి పడ్డాక గుట్ట కిర్రుకిర్రుమని మూలుగుతుందని ఇక్కడి టోంకవా తెగవాళ్ళ కాలం నుంచీ చెప్పుకుంటారు, మాయ బండ అనే పేరు వెనక ఉన్న నమ్మకాల్లో అదొకటి, రాయి చల్లబడి ముడుచుకునేటప్పుడు వచ్చే చప్పుడే అదని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు.

నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం శిఖరం మీదున్న దొనలు. బండ మీద చిన్న పల్లంలో వాన నీళ్ళు నిలుస్తాయి, ఆ నీళ్ళకున్న కొద్దిపాటి ఆమ్లగుణానికి ఫెల్డ్‌స్పార్ మెల్లగా మట్టిగా మారుతుంది, ఎండాక ఆ పొడిని గాలి ఎత్తుకుపోతుంది, మళ్ళీ వాన, పల్లం ఇంకాస్త పెద్దది. కొన్నిట్లో మన్ను పేరుకుని గడ్డి, తర్వాత పొదలు, చివరికి ఓక్ చెట్లు కూడా లేచాయి, బోడి బండ మధ్యలో చిన్న దీవుల్లా ఉంటాయి. నీళ్ళున్న దొనల్లో ఫెయిరీ ష్రింప్ అనే బుల్లి జీవులుంటాయి, రొయ్యకి దూరపు చుట్టాలు, ఒళ్ళంతా అద్దంలా ఉండి వెల్లకిలా ఈదుతాయి. దొన ఎండేలోపే, అంటే కొన్ని వారాల్లోనే, పుట్టి పెరిగి గుడ్లు పెట్టి చచ్చిపోతాయి, ఆ గుడ్లు మాత్రం కాలే బండ మీది పొడి మట్టిలో ఏళ్ళ తరబడి ఉండగలవు, వాన పడగానే పగిలి పిల్లలు బయటికొస్తాయి.

మేం వెళ్ళినప్పుడు అన్నీ ఎండిపోయే ఉన్నాయి, అడుగున గోధుమరంగు మట్టి పొర, వేలెడు గడ్డిపరకలు, చూడ్డానికి ఏమీ లేనట్టే. మా పాప అందులోకి దూకబోతే నేను ఆపి ఈ గుడ్ల సంగతి చెప్పాను, ఒక్క తొక్కుడుకి ఎన్ని నలిగిపోతాయో కదా. నాన్న అంతా విని ఏమీ అనలేదు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, దొన అంచు చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి కూర్చున్నారు.