గార్బేజ్ డిస్పోజర్: లేని బ్లేడ్ల చుట్టూ అల్లుకున్న అపోహలు

వంటింటి వ్యర్థాలను నలిపి నీళ్ళతో డ్రైనులోకి పంపే గార్బేజ్ డిస్పోజర్లను సింకు కింద బిగించడం, మొరాయించినవాటిని విప్పి చూడడం నా వృత్తి. ఈ యంత్రం గురించి నా చెవిన పడే అపోహల్లో సగం ఒకే నమ్మకం నుంచి పుట్టినవి. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: లోపల మిక్సీలో లాగా బ్లేడ్లు ఉంటాయి.

ఉండవు. కరెంటు తీసేసి, సింకు రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. అడుగున గుండ్రటి లోహపు పళ్ళెం, దాని మీద మొద్దుగా ఉన్న రెండు దిమ్మలు కనిపిస్తాయి. కర్రతో తోస్తే చాలా మోడళ్ళలో ఆ దిమ్మలు అటూ ఇటూ కదులుతాయి. వదులైపోయాయని కంగారుపడి ఫోను చేసేవారున్నారు. అవి అలా కదలాల్సినవే.

మోటారు తిరగగానే పళ్ళెం మీది వ్యర్థాలు అపకేంద్ర బలంతో గోడకేసి ఎగిరిపడతాయి. గోడ పొడవునా కదలని వలయం ఒకటి ఉంటుంది, దాని నిండా గరుకైన పళ్ళు, సందులు. దిమ్మలు వ్యర్థాలను ఆ వలయానికేసి రుద్దుతూ పోతాయి. తగినంత నలిగిన పదార్థం మాత్రమే సందుల్లోంచి నీళ్ళతో కలిసి కిందికి జారుతుంది. అంటే ఇక్కడ కోత లేదు, రాపిడే ఉంది. ఆ రాపిడిని ముందుకు నడిపేది నీళ్ళు.

అపోహ: ఐసు ముక్కలు, గుడ్డు పెంకులు వేస్తే పదును పెరుగుతుంది.

బ్లేడే లేనప్పుడు పదునెక్కడిది? ఐసు వల్ల మరో మేలు ఉంది. గట్టి ముక్కలు గోడలకు తగిలి, అంటుకున్న జిడ్డును కొంత రాలగొడతాయి. గుడ్డు పెంకుల వల్ల ఆ మేలు కూడా లేదు. నలిగి సన్నటి ఇసుకలా మారి, పైపులో జిడ్డు పేరుకున్న చోట కుదురుకుంటాయి.

అపోహ: బ్లేడ్లు లేవు కాబట్టి చేయి పెట్టినా ఏమీ కాదు.

మొదటి అపోహ పోగొట్టిన మరుక్షణం పుట్టే అపోహ ఇది, దానికంటే ప్రమాదకరం కూడా. సాధారణ ఇండక్షన్ మోటారు, కరెంటు సరఫరాను బట్టి, నిమిషానికి సుమారు 1400 నుంచి 1750 చుట్లు తిరుగుతుంది. మొద్దు దిమ్మ అయినా ఆ వేగంతో వచ్చి తగిలితే వేలు నలిగిపోతుంది.

జరిగే తీరు గమనించండి. చెంచా ఇరుక్కుని మోటారు ఆగిపోతుంది. రాపిడి శబ్దం పోయి సన్నటి గుర్రు మాత్రమే మిగులుతుంది కాబట్టి యంత్రం ఆగిందనుకుంటారు. నిజానికి స్విచ్చి వేసే ఉంది, మోటారు తిరగడానికి బలం పెడుతూనే ఉంది. చేయి పెట్టి చెంచా లాగిన క్షణంలో అడ్డు తొలగుతుంది, పళ్ళెం తిరుగుతుంది, చేయి లోపలే ఉంటుంది. అందుకే స్విచ్చి ఆపడంతో సరిపెట్టకండి, ప్లగ్గు పీకండి. ప్లగ్గు లేకుండా నేరుగా వైరింగుకు కలిపినదైతే బోర్డులో ఎంసీబీ దించండి. స్విచ్చి వేసి చూసి, యంత్రం పలకడం లేదని నిర్ధారించుకుని, మళ్ళీ ఆపండి. ఆ తర్వాత కూడా చేయి కాదు, పొడవాటి పట్టకారు వాడండి.

అపోహ: ఆగిపోయిందంటే మోటారు కాలిపోయినట్టే.

స్విచ్చి వేసి ఒక్క క్షణం వినండి. ‘ఉం…’ అని గుర్రుమంటే కరెంటు అందుతోంది, పళ్ళెం ఇరుక్కుంది. వెంటనే ఆపేయాలి. ఆ గుర్రు ఎంతసేపు కొనసాగితే మోటారు చుట్టకు అంత వేడి. అసలు శబ్దమే లేకపోతే కరెంటు రావడం లేదు, లేదా ఓవర్‌లోడ్ రక్షణ (మోటారు మరీ వేడెక్కితే కరెంటును ఆపే స్విచ్చి) దానంతట అదే ఆఫ్ అయింది.

ఇరుక్కుంటే చేయాల్సింది చిన్న పనే. కరెంటు తీసేశాక యంత్రం అడుగున సరిగ్గా మధ్యలో ఉండే ఆరు మూలల గుంట చూడండి. చాలా మోడళ్ళలో దానికి పావు అంగుళం ఆలన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) సరిపోతుంది. కీ పెట్టి రెండు వైపులా మార్చి మార్చి తిప్పితే మొదట బిగుతుగా ఉండి, హఠాత్తుగా చేతికి తేలికవుతుంది. పళ్ళెం పూర్తి చుట్టు తిరిగేదాకా తిప్పి, ఇరుక్కున్నది పట్టకారుతో తీసి, కీని బయటికి తీయాలి. కీని గుంటలోనే మరిచి స్విచ్చి వేస్తే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం. కొద్ది నిమిషాలు మోటారును చల్లారనిచ్చి, అడుగున ఉండే ఎర్ర బొత్తాన్ని నొక్కండి. లోపలికి వెళ్ళి నిలిస్తే రీసెట్ అయినట్టే. వెంటవెంటనే బయటికి వస్తుంటే మాత్రం దాన్ని పదేపదే నొక్కకుండా మనిషిని పిలవండి.

అడుగు గుంట లేని మోడళ్ళూ ఉన్నాయి. వాటికి పైనుంచి చెక్క కర్రతో దిమ్మను తోసి తిప్పాలి.

అపోహ: పాతది విప్పడం, కొత్తది తగిలించడం. అంతే కదా!

తగిలించడం సులువే, దాని ముందూ వెనకా ఉన్న పనులే ఇబ్బంది పెడతాయి. విప్పేటప్పుడు మొదటి శత్రువు బరువు. ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసి, వంపు పైపులోని నీళ్ళు బకెట్టులోకి వదిలాక, యంత్రం కింద బోర్లించిన డబ్బానో స్టూలునో పెట్టి ఎత్తు సరిచేయండి. యంత్రాన్ని సింకుకు పట్టి ఉంచే తాళం వలయం ఊడగానే బరువంతా ఒక్కసారిగా జారుతుంది. సింకు కింద వెల్లకిలా పడుకున్నవారి ముఖం దాని దారిలోనే ఉంటుంది.

పాత పైపులో గట్టిపడిన జిడ్డును అప్పుడే తీసేయండి. కొత్త యంత్రం ఎంత బాగా నలిపినా ఆ ఇరుకు దారిలోంచే పోవాలి. కంపెనీ మారితే పాత మౌంటు (యంత్రాన్ని సింకుకు తగిలించే బిగింపు) సరిపోతుందని ఆశపడకండి. కొత్త ఫ్లాంజి (సింకు రంధ్రంలో కూర్చునే లోహపు అంచు) కింద నీళ్ళు కారకుండా ఆపే ప్లంబరు పుట్టీని పెన్సిలంత మందాన చుట్టి, మూడు స్క్రూలను వంతులవారీగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాతిదానికి వెళితే ఒక పక్క ఎత్తుగా ఉండి నీళ్ళు కారతాయి. రాతి సింకులకు మామూలు పుట్టీ మరక చేయవచ్చు, అక్కడ సిలికాన్ మేలు.

ఎక్కువమంది మరిచిపోయేది డిష్‌వాషర్ గొట్టం చేరే మూతి. కొత్త యంత్రంలో ఆ మూతికి అడ్డంగా ఒక బిళ్ళ ఉంటుంది. డిష్‌వాషర్ కలిపేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో తట్టి దాన్ని ఊడగొట్టాలి, లోపల పడిన బిళ్ళను బయటికి తీయాలి. ఈ పని చేయకపోతే డిష్‌వాషర్‌లో నీళ్ళు నిలిచిపోతాయి, నింద డిష్‌వాషర్ మీద పడుతుంది. డిష్‌వాషర్ లేనివారు ఆ బిళ్ళను ముట్టుకోవద్దు.

గోడలోని డ్రైను పైపు యంత్రం బయటి మూతి కంటే కిందే ఉండాలి. లోతైన సింకు వేసుకుంటే యంత్రం కూడా కిందికి దిగుతుంది, లెక్క తప్పుతుంది, నలిగిన చెత్త లోపలే నిలిచి కుళ్ళుతుంది. కొనే ముందే టేపుతో కొలవండి. యంత్రం మీద రాసిన వోల్టేజి మీ ఇంటి సరఫరాకు సరిపోతుందో లేదో కూడా అప్పుడే చూడండి. ఎర్త్ వైరు తప్పనిసరి. ఇది నీళ్ళ పక్కన ఉండే లోహపు యంత్రం.

అపోహ: వేడినీళ్ళు పోస్తే జిడ్డు కొట్టుకుపోతుంది.

కరిగి ముందుకు పోతుంది, అంతే. పైపులో కొంత దూరం వెళ్ళాక చల్లారి గడ్డకడుతుంది, అక్కడ మీ చేయి అందదు. వాడేటప్పుడు చన్నీళ్ళే వదలండి. ముందు నీళ్ళు, తర్వాత స్విచ్చి. రాపిడి శబ్దం పోయి తేలికపాటి గిర్రుమనే శబ్దం మిగిలాక కూడా పదిహేను, ముప్పై సెకన్లు నీళ్ళు ఆపకండి. నూనె మాత్రం చన్నీళ్ళతో కూడా వద్దు. నార తొక్కలు దిమ్మలకు చుట్టుకుంటాయి, అన్నం, పిండి పదార్థాలు పైపులో ఉబ్బి ముద్ద కడతాయి.

అపోహ: ఇది డ్రైనేజీని నాశనం చేస్తుంది.

ఈ భయం నగరాలకూ ఉండేది. 1927లో జాన్ హామ్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు రూపొందించిన ఈ యంత్రాన్ని న్యూయార్క్ నగరం చాలా ప్రాంతాల్లో ఇళ్ళకు అనుమతించలేదు. ప్రయోగాత్మకంగా పరీక్షించి చూశాక 1997లో నిషేధం ఎత్తేసింది. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్ళ సంగతి వేరు. వాడుకోవచ్చు, కానీ అడుగున మడ్డి త్వరగా చేరుతుంది, ట్యాంకును తరచుగా ఖాళీ చేయించాలి.

అపోహ: వాసనకు నిమ్మతొక్క, అడ్డుపడితే డ్రైను క్లీనరు.

నిమ్మతొక్క వాసనను కాసేపు కప్పుతుంది. వాసన పుట్టేది మూతి దగ్గరి రబ్బరు గార్డు అడుగు వైపున. కరెంటు తీసి, రబ్బరు రేకులను పైకి మడిచి, పాత బ్రష్షుతో సబ్బునీళ్ళు వేసి రుద్దండి. నల్లటి జిగురు ఎంత వస్తుందో చూస్తే నిమ్మకాయల ఖర్చు మానేస్తారు.

డ్రైను క్లీనరు మాత్రం వద్దే వద్దు. అది సీళ్ళను, లోహాన్ని తింటుంది. అడ్డు తొలగకపోతే ఆ ద్రవం లోపలే నిలిచి, పైపు విప్పినవారి కళ్ళ మీదికి చిందుతుంది. ఇప్పటికే పోసి ఉంటే, బాగుచేయడానికి వచ్చినవారు పైపు మీద చేయి వేయకముందే ఆ మాట చెప్పండి.