మాలకొండయ్యలు ఇద్దరు

కందుకూరు

చిన్నోడికి, పాపకి తాత రాసేది.

మీ ప్రాజెక్టు డేటాబేస్ టేబుల్లో ఒకే పేరు రెండేసి మూడేసి సార్లు పడిందనీ, ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని అడిగే భాషలో) ‘డిస్టింక్ట్’ వేస్తే పోయిందనీ ఫోన్లో సంబరంగా చెప్పారు. పోలేదర్రా! అది చూపించేటప్పుడే ఒకటిగా చూపిస్తుంది, టేబుల్లో ఉన్నవి అట్లాగే ఉంటాయి. ఐడీ, అంటే ఒక్కో రికార్డుకీ వేరేగా ఉండే నంబరు, కూడా అడిగారా, మళ్లీ అన్నీ బయటికొస్తాయి.

నేను పాల సంఘంలో లెక్కలు చూసేటప్పటి మాట. ఊరు, ఇంటిపేరు, పేరు మీద గ్రూప్ బై పెట్టి, అంటే ఆ మూడూ ఒకటే అయినవాటిని ఒక గుంపు చేసి, హేవింగ్‌లో (గుంపులకి పెట్టే షరతులో) కౌంట్ 1 కన్నా ఎక్కువ ఉన్నవి అడిగా. జంటలన్నీ వరసగా వచ్చాయి. ఒక్కొక్క జంటలో ఒకటి ఉంచి, రెండోది తీసేశా. వారం తిరక్కుండా ఒకాయన పాలక్యాను మా వసారాలో దించి, "నేను బతికే ఉండా గదయ్యా, నా పేరెందుకు కొట్టేశారు?" అన్నాడు. మా దగ్గరి నరసింహస్వామి క్షేత్రం మాలకొండ చుట్టుపక్కల ఏ ఊళ్లో కేకేసినా నలుగురు మాలకొండయ్యలు పలుకుతారని నాకు తెలీదా? అన్నదమ్ముల బిడ్డలిద్దరికీ తాత పేరే పెట్టారు. డిలీట్‌కి ముందు టేబుల్‌కి కాపీ తీసి పెట్టుకోబట్టి ఆ పూటే మళ్లీ ఎక్కించగలిగా.

దీనికి తిరకాసు ఇంకోటుంది. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లాలో కలిసింది, 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని మళ్లీ నెల్లూరులో కలిపారు. ఒకే రైతు, ఒకే గడప, పాత రికార్డులో ప్రకాశం, 2022 తర్వాత రాసినదాంట్లో నెల్లూరు. కంప్యూటరుకి వాళ్లు ఇద్దరు! ఫోన్ నంబరు చూద్దామంటే ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను. చివరికి తండ్రి పేరు, బ్యాంకు ఖాతా కూడా కలిపి చూసి, అనుమానమున్న వాళ్లను పిలిచి అడిగా.

ఏవి కలిస్తే ఒకే మనిషో తేలాక పని సులువే. గుంపు గుంపుకీ 1, 2, 3 అని నంబర్లేసే రో నంబర్ ఫంక్షన్‌లో, గుంపులు చేసే పార్టిషన్ బై కింద ఆ కాలమ్స్‌ని పెట్టండి. వరస చెప్పే ఆర్డర్ బైలో వివరాలు నిండుగా ఉన్న రికార్డు ముందుకొచ్చేట్టు చూసుకోండి. 1 పడ్డది ఉంచాలి, మిగతావి తీసేయాలి. అయితే పోయే ఐడీ మీద పోసిన పాల లీటర్లు, రావాల్సిన డబ్బు వేరే టేబుల్లో ఉంటాయి. వాటిని ముందే ఉంచే ఐడీకి మార్చాలి. ఆ టేబుల్‌ని రైతు ఐడీతో ముడేసే ఫారిన్ కీ ఉంటే డిలీట్‌ని అడ్డుకుంటుంది. దానికి క్యాస్కేడ్ (ఇది పోతే దాని వెంట ఉన్నవీ పోవాలనే షరతు) పెట్టి ఉన్నారా, రైతుతో పాటు అతని పాల లెక్కా తుడిచిపెట్టుకుపోతుంది.

ముందు సెలెక్ట్ వేసి పోవాల్సినవి ఎన్నో చూసుకుని, వెనక్కి తీసుకునే వీలుండేట్టు బిగిన్ కొట్టి డిలీట్ చేయండి. సెలెక్ట్‌లో వచ్చిన లెక్కా, పోయిన లెక్కా ఒకటి కాకపోతే రోల్‌బ్యాక్, అంటే చేసింది వెనక్కి. సరిపోతే కమిట్ (ఖాయం) చేసి, అవే వివరాలు రెండోసారి ఎక్కకుండా ఆ కాలమ్స్ మీద యూనిక్ షరతు పెట్టండి. వాటిలో నల్ (ఏమీ రాయని ఖాళీ) ఉంటే మాత్రం మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లు మామూలుగా అడ్డుచెప్పవు. ఖాతా నంబరు రాయనివాడు ఎన్నిసార్లయినా చేరిపోతాడు.

మీ టేబుల్లో ఏయే కాలమ్స్ చూసి ఒకే మనిషి అనుకున్నారో రాసి పంపండి. అప్పటిదాకా డిలీట్ జోలికి పోవద్దు.

మీ తాత