ఉగాండా పల్లెల్లో ఆరోగ్య వాలంటీర్లు: అపోహలు - వాస్తవాలు

నేను నర్సుని, కంపాలాలో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న మయుగె జిల్లా పల్లెలకు వాలంటీరుగా వెళ్తుంటాను. ఇంటికి ఫోన్ చేస్తే మా పిన్ని ఒకటే మాట: "మీలాంటి వాళ్లు వెళ్లకపోతే పాపం వాళ్ల గతేంటే?"

అపోహ: బయటివాళ్లు వెళ్తేనే అక్కడ వైద్యం.

ఉగాండాలో విలేజ్ హెల్త్ టీమ్ పద్ధతి 2001లోనే వచ్చింది. మన ఆశా కార్యకర్తల కంటే ముందే అన్నమాట. అందరూ వీహెచ్‌టీ అంటారు. ఊరివాళ్లే తమలోంచి మనుషుల్ని ఎంచుకుంటారు. జనం వాళ్లని పిలిచేది మాత్రం 'ముసావో' అని, అంటే వైద్యం చేసే మనిషి. రాత్రి పదింటికి ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని తల్లి తలుపు తట్టేది వాళ్లింటికే. అప్పటికి మా జీపు కంపాలా చేరిపోయి ఉంటుంది. మందులు మోసుకెళ్లడం, రిజిస్టర్లు సరిచూడడం, శిక్షణలో ఒక చెయ్యి వేయడం, మా పని అంతవరకే.

అపోహ: డాక్టర్లు కానివాళ్లు మందులిస్తే ప్రమాదం.

నేనూ మొదట్లో ఇలాగే అనుకున్నాను. ఒకసారి దగ్గుతో ఉన్న పద్నాలుగు నెలల పిల్లాడికి ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి 46. ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే న్యుమోనియా కింద లెక్క, అమాక్సిసిలిన్ ఇవ్వాలి. (రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకైతే 50.) నేను బిళ్లల పట్టీ అందుకోబోతుంటే పక్కనున్న వీహెచ్‌టీ, మొక్కజొన్న పండించే యాభై ఏళ్ల ఆవిడ, నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ముసావో, వీడు ఇందాకటిదాకా ఏడ్చాడు. పాలు తాగనీ." వాడు తాగి, తల్లి ఒళ్లో సద్దుమణిగాక చొక్కా పైకెత్తి, టైమర్ నొక్కి, పొట్ట కదలికే చూస్తూ లెక్కపెట్టింది. 34. యాంటీబయాటిక్ అక్కర్లేదు. నర్సింగ్ పట్టా నాది, లెక్క ఆవిడది!

వీళ్లు చేసేవి కొన్నే పనులు. మలేరియా టెస్టు, వయసును బట్టి బిళ్లలు, విరేచనాలకు ఓఆర్ఎస్, జింకు, పిల్లల జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలవడం. టేపు ఎర్ర రంగులో, అంటే 11.5 సెంటీమీటర్లలోపు ఉంటే తీవ్ర పోషకాహార లోపం. ఫిట్స్ వచ్చినా, ఏం తాగినా వాంతవుతున్నా తమ దగ్గర ఉంచుకోరు, బైకు ఎక్కించి హెల్త్ సెంటర్‌కి పంపిస్తారు.

అపోహ: అక్కడ జ్వరమంటే మలేరియానే, టెస్టు దండగ.

అక్కడి వాళ్లూ అంతే. జ్వరానికీ మలేరియాకీ 'ముసుజ్జా' అనే ఒక్క మాటే వాడేస్తారు. టెస్టులో ఒకే గీత వస్తే, అంటే మలేరియా లేదని తేలితే, "మందు ఇవ్వరా?" అని మొహం మాడ్చుకుంటారు. రెండు గీతలు వచ్చినా తొందరపడకూడదు. మలేరియా తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాలు ఆ రెండో గీత పడుతూనే ఉండొచ్చు. అందుకే గత నెల మందు వాడారా అని ముందు అడగాలి.

అపోహ: దోమతెరలు ఇస్తే చేపలు పట్టుకుంటారు.

కొందరు చేస్తారు, కాదనను. నేను ఎక్కువగా చూసింది మాత్రం చిరిగిన పాత తెరల మీద ముకెనె అనే చిన్న చేపల్ని ఎండబెట్టడం. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఒకటే గది, పగలు అందులోనే వంట, రాత్రి అక్కడే పడక. తెర నాలుగు మూలలూ ఎక్కడ కట్టాలి? ఇది అర్థమయ్యాక మేం తెరలతో పాటు సుత్తి, మేకులు, పురికొస కూడా తీసుకెళ్తున్నాం.

అపోహ: సేవకు జీతమేంటి?

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. విత్తనాలు వేసే రోజుల్లో పొలం వదిలి ఇంటింటికీ తిరిగే మనిషికి ఇల్లు గడవద్దా? చేసే పనికి తగ్గ డబ్బు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో చెప్పింది. నేను పనిచేసిన ఒక కార్యక్రమంలో వీళ్లకు ఇస్తామన్న దారి ఖర్చులు నెలల తరబడి ఇవ్వలేదు. మా బృందం టీషర్టులు మాత్రం టైముకి అచ్చయ్యాయి.

అపోహ: ఇంట్లో మిగిలిన మందులు పంపితే పుణ్యం.

వద్దు పిన్నీ. ఒకరికిచ్చిన మందులు విరాళంగా పనికిరావు. చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలన్నది నియమం. అయినా అక్కడ హెచ్ఐవీ మందుల డబ్బా తిప్పి చూస్తే హైదరాబాద్ కంపెనీల పేర్లే కనపడతాయి, నువ్వు పంపేదేంటి! ఏం కావాలని వాళ్లనే అడిగాను. టార్చిలైటు, రెయిన్‌కోటు, బురదలో నడవడానికి గమ్‌బూట్లు అన్నారు. సైజులు రాసుకొచ్చాను.