అలీ సంతకం మీద నా కొట్టులో వినబడే అపోహలు

కడప ఏడు రోడ్ల దగ్గర నాది పటాలు కట్టే కొట్టు. దేవుడి పటాలు, పెళ్లి ఫొటోలు కట్టి సంపాదించిందాంట్లో చాలా భాగం బాక్సర్ ముహమ్మద్ అలీ సంతకాల మీద పోశాను (ఇంట్లో దీని మీద వేరే అభిప్రాయం ఉంది). ఈ పిచ్చి సంగతి తెలిసినవాళ్లు వాళ్ల దగ్గరున్నవి పట్టుకొస్తారు, తిప్పి తిప్పి అవే మాటలు అంటారు.

అపోహ: సంతకం వంకరటింకరగా ఉంటే దొంగదే.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 1960, 70లలో అలీ సంతకం పెద్దగా, ధారగా ఉండేది. 1984లో పార్కిన్సన్స్ అని తేలింది, ఆ జబ్బులో రాత చిన్నదైపోయి అక్షరాలు ఇరుక్కుపోతాయి. 1965లో ప్రత్యర్థి బాక్సర్ సన్నీ లిస్టన్ కిందపడి ఉంటే అలీ పైన నిలబడి గద్దిస్తున్న ఫొటో అందరూ చూసిందే, దాని మీద చిన్న వణుకు సంతకం ఉన్నా తప్పులేదు, ఫొటో పాతది, సంతకం ఏ ముప్పై ఏళ్ల తర్వాతదో అయ్యుండొచ్చు. అదే 1996 అట్లాంటాలో వణికే చేత్తో ఒలింపిక్ జ్యోతి వెలిగించిన ఫొటో మీద కుర్రవయసు నాటి బారెడు సంతకం కనబడిందా, పర్సు జేబులోనే ఉంచండి.

అపోహ: కాషియస్ క్లే అని ఉంటే 1964కి ముందుదే.

అది అలీ పాత పేరు, మార్చుకుంది 1964 మార్చిలో, లిస్టన్‌ని ఓడించిన కొద్ది రోజులకే. అంతకుముందువి అరుదు, ధర కూడా ఎక్కువే. కానీ డీలర్లు అడిగితే ముసలితనంలో కూడా ఆ పాత పేరు రాసిచ్చాడు. అందుకే పెన్ను చూడాలి. షార్పీ మార్కర్ వచ్చిందే 1964లో, మరి 1960 రోమ్ ఒలింపిక్స్ అప్పటిదని షార్పీ సంతకం చూపిస్తే ఏమనుకోవాలి?

అపోహ: అసలుదేనని సర్టిఫికెట్ ఉంది కదన్నా!

నాకూ ఉండేది. 2009లో పద్దెనిమిది వేలు పెట్టి ఒక ఫొటో కొన్నాను, బంగారు అంచు సర్టిఫికెట్‌తో సహా. పక్క కొట్టు కంసాలి భూతద్దం అడిగి చూస్తే సంతకమంతా చుక్కలు చుక్కలు, అచ్చులో పడింది, పెన్నుతో పెట్టిందే కాదు. 1990ల చివర్లో అమెరికా పోలీసు సంస్థ ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో పట్టుకున్న దొంగ సంతకాల సరుకుకీ సర్టిఫికెట్లు ఉండేవి. సంతకం అసలుదో కాదో తేల్చే పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్ లాంటి సంస్థల స్టిక్కరూ నంబరూ ఉంటే వాళ్ల సైట్లో కొట్టి చూడండి, స్టిక్కర్లకి కూడా నకళ్లున్నాయి కాబట్టి అక్కడ చెప్పిన వస్తువూ మీ చేతిలోదీ ఒకటేనా అని కూడా చూసుకోండి.

"మా నాయన మద్రాసులో స్వయంగా పెట్టించుకున్నాడు" అనేవాళ్లూ వస్తారు. 1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడింది నిజమే, మనకి నేరుగా రైలూ ఉంది. కానీ మాట ఒక్కటే చాలదు, ఆ రోజు టికెట్టో ఫొటోనో పెట్టె అడుగున ఉందేమో వెతకండి.

ఇక సంతకం దొరికితే లక్షలే అనే మాట. అలీ అడిగినవాళ్లకల్లా పెట్టాడు, ఇస్లాం కరపత్రాల మీద సంతకాలు చేసి మరీ పంచాడు. మామూలు ఫొటో అయితే వందల డాలర్లలోనే దొరుకుతుంది.

చివరిది, లామినేషన్ చేయిస్తే భద్రం అన్నది. వద్దు సామీ! వేడికి జిగురు కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ ఊడి రాదు, విలువ పోతుంది. గ్లవ్స్ అయినా ఫొటో అయినా కిటికీ ఎదురుగా పెట్టకండి, మన ఎండకి సిరా వెలిసిపోతుంది. అలా వెలిసిపోయిందని అసలు సంతకం మీదే కొత్త పెన్నుతో దిద్దుకొచ్చాడు ఒక పెద్దాయన. ఏమీ అనలేక పటం కట్టి ఇచ్చాను, డబ్బులు మాత్రం తీసుకోబుద్ధి కాలేదు.